రాగిరేకుల మీద లేని బాణీ

తిరుమల గుడిలో సంకీర్తన భండారం అని ఒక చిన్న రాతి గది ఉంది. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) పాడిన పాటల్ని ఆయన కొడుకు పెద తిరుమలాచార్యులు రాగిరేకుల మీద చెక్కించారు. ఆ రేకులు కొన్ని వందల ఏళ్ళు ఆ గదిలోనే ఉండిపోయాయి. అన్నమయ్య రాసినవి 32,000 అంటారు, మనకు దక్కినవి అందులో సగం కూడా లేవు. దక్కినంతవరకైనా దక్కాయంటే, పాట కోసం అంత రాగి కొని, అంతమంది పనివాళ్ళకు కూలి ఇచ్చిన మనిషి ఒకడున్నాడు కాబట్టే.

అయితే రేకు మీద పాట ఉంది, పక్కన రాగం పేరు ఉంది. బాణీ మాత్రం లేదు. గొంతు నుంచి గొంతుకు రావలసిన ఆ దారి ఎక్కడో మధ్యలో తెగిపోయింది. గత శతాబ్దంలో రేకులు బయటికొచ్చాక వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు వాటిని చదివి, సరిచేసి, అచ్చు వేయించారు. రాళ్ళపల్లివారు ఎన్నో పాటలకు కొత్తగా స్వరం కట్టారు. 1978లో టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. ఈ రోజు మన పిల్లలు పోటీల్లో పాడే బాణీలు దాదాపు అన్నీ ఈ వంద ఏళ్ళ లోపు కట్టినవే. అవి గొప్పవి కావని నేననను. అన్నమయ్య కొండ మెట్లెక్కుతూ ఎలా పాడాడో మాత్రం ఇక ఎవరూ చెప్పలేరు.

విదేశాల్లో ఉన్న మన తెలుగు సంఘాల సభల్లో ‘మన సంస్కృతిని భద్రపరచుకోవాలి’ అన్న మాట వినబడినప్పుడల్లా నాకు ఆ రేకులే గుర్తొస్తాయి. వీడియో తీసి పెట్టుకోవడం, పాత పుస్తకాలు స్కాన్ చేయించడం అవసరమే, చేయాల్సిందే. కానీ కళ బతికేది అందులో కాదు. చేసేవాడికి రేపు కూడా పని దొరికితే, చూసేవాళ్ళు మళ్ళీ వచ్చి కూర్చుంటే, నేర్చుకునే పిల్లవాడు పక్కన ఉంటే బతుకుతుంది. మన డబ్బు, మన తీరిక ముందు అక్కడికి వెళ్ళాలని నా గట్టి అభిప్రాయం.

మా చిత్తూరు వైపు ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం ఆడతారు. చాలా ఊళ్ళలో దానికోసమే ‘భారతం మిట్ట’ అని ఒక జాగా విడిచిపెట్టి ఉంటుంది. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. బకాసురవధ రోజు భీముడు బండెక్కి ఊరంతా తిరుగుతాడు, ఇంటింటి నుంచీ అన్నమూ పిండివంటలూ ఆ బండిలోకే. అర్జున తపస్సు రోజు పొడవాటి తపస్సు మానుకు మెట్లు కొట్టి నిలబెడతారు. అర్జునుడి వేషగాడు మెట్టుకో పద్యం పాడుతూ ఎక్కుతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ సాగిలపడి ఉంటారు. పై నుంచి అతను విసిరే పువ్వో నిమ్మకాయో తమ కొంగులో పడాలని వాళ్ళ ఆశ. ఎర్రటి ఎండలో, అంత ఎత్తున, మద్దెల దెబ్బకు తగ్గట్టు శృతి తప్పకుండా పద్యం పాడేది ఎవరనుకున్నారు? తక్కిన నెలల్లో చాలామంది వ్యవసాయమో కూలిపనో చేసుకునేవాళ్ళే.

చివర్లో దుర్యోధనవధ. మిట్ట మీద మట్టితో దుర్యోధనుడి భారీ బొమ్మ పడుకోబెట్టి ఉంటుంది. భీముడూ దుర్యోధనుడూ గదలతో ఆ బొమ్మ చుట్టూ, దాని మీదా తరుముకుంటారు. తొడ పగలగానే అందులోంచి ఎర్రనీళ్ళు చిందుతాయి, ద్రౌపది వచ్చి జుట్టు ముడి వేసుకుంటుంది. జనమంతా కేకలు పెడుతుంటే మా అవ్వ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేది. “పాపం రా అబ్బయ్యా, కన్నతల్లి బతికుండంగానే పోయినాడు” అనేది. చదువుకోని మనిషి. చెడ్డవాడి చావుకి కూడా ఒక తల్లి ఏడుస్తుందని ఆమెకు నేర్పింది ఆ మిట్టే. పుస్తకాలు చదివి ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

‘తిండికే కరువైన చోట కళలేమిటి’ అని అడిగేవాళ్ళకు నా జవాబు ఆ ఊళ్ళే. వానల్ని నమ్ముకుని బతికే మెట్ట ప్రాంతం మాది. బోర్లు ఎండిన ఏడు కూడా ఇంటింటికీ చందా వేసుకుని భారతం పెట్టించిన ఊళ్ళున్నాయి. భారతం చెప్పిస్తే వాన పడుతుందన్న నమ్మకం ఒకటి. నమ్మకం సంగతి పక్కన పెట్టినా, ఏడాదంతా గట్టు తగాదాలతో మాటలు లేని రెండిళ్ళవాళ్ళు ఆ పద్దెనిమిది రోజులూ ఒకే చాప మీద కూర్చోవాల్సి వస్తుంది. అది ఏ ప్రభుత్వ పథకమూ చేయలేని పని.

గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే శ్రీకాళహస్తి కలంకారీ కథ ఇంకో రకం. 1950ల నాటికి ఆ పని చేసే చేతులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతకు వచ్చాయి. చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకుని శిక్షణ కేంద్రం పెట్టించడంతో, జొన్నలగడ్డ లక్ష్మయ్యగారి లాంటి వాళ్ళ దగ్గర కొత్తవాళ్ళు నేర్చుకున్నారు. ఆయన కుమారుడు గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ జరిగిందల్లా ఒకటే: తెలిసినవాడి పక్కన తెలియనివాణ్ణి కూర్చోబెట్టి ఇద్దరికీ తిండి గడిచేలా చూశారు. అన్నమయ్య బాణీలకు ఆ అదృష్టం పట్టలేదు.

ఆ పని దగ్గరగా చూస్తే గాని దాని ఖరీదు అర్థం కాదు. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరేస్తారు. కాల్చిన చింతపుల్లతో బొమ్మ గీస్తారు. కలం అంటే వెదురుపుల్ల, మొనకు కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి దారం కడతారు. ఆ చుట్టను వేళ్ళతో నొక్కితే రంగు మొన దాకా దిగుతుంది. నల్లరంగు ఇనుపముక్కలూ బెల్లమూ నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి తీసింది. గీసేటప్పుడు పలచగానే ఉంటుంది, కరక్కాయ పట్టిన గుడ్డ మీద కాసేపటికి నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటికనీళ్ళు పూసి, గుడ్డను రంగుచెక్కలతో ఉడకబెడతారు. పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. ఒక్కో రంగుకూ ఉతుకు, ఎండ, మళ్ళీ ఉతుకు. ఇంత పని ఉన్న గుడ్డ పక్కనే మిషన్ మీద అచ్చు కొట్టిన చీరను కూడా కలంకారీ అనే అమ్ముతారు. మనం బేరమాడేది రెండో చీర ధర గుర్తుపెట్టుకునే. కలం పట్టిన మనిషికి ఇంతకంటే అన్యాయం లేదు.

ఇక మన సంగతి. సినిమావాళ్ళను పిలవొద్దని నేను అనడం లేదు, పిల్లలు సరదాపడతారు. కానీ ఒక తారకు అయ్యే ఖర్చులో కొంత పక్కన పెట్టి, వీధినాటకం దళాన్ని పిలిపించి ఒక రాత్రంతా ఆడించవచ్చు. ఏడు నిమిషాలు ఇచ్చి ‘జానపద కళారూపం’ అని పేరు పెట్టి గంట కొట్టేసే పద్ధతి మానుకోవాలి. పద్యం అందుకోవడానికే వాళ్ళకు ఏడు నిమిషాలు కావాలి. దళాన్ని ఇక్కడికి రప్పించడం, వీసాలు కష్టమైతే మనమే వెళ్ళొచ్చు. ఊరికి సంక్రాంతికే ఎందుకు వెళ్ళాలి? పిల్లలకు వేసవి సెలవులు ఉండగానే చాలా చోట్ల భారతం నడుస్తుంటుంది. ఊరి చందా పుస్తకంలో మన ఇంటి పేరూ రాయించుకుని, ఒక రాత్రి చాప మీద కూర్చుంటే చాలు.

వచ్చే మహాసభల వేదిక వెనక కట్టే తెర సంగతి కూడా ఇప్పుడే అనుకుంటే మంచిది. ఏటా ఫ్లెక్సీ కొట్టిస్తున్నాం, మర్నాడు పారేస్తున్నాం. ఈసారి శ్రీకాళహస్తిలో చేత్తో వేయించిన భారతం తెర కడదాం. బేరమాడకుండా సగం డబ్బు ముందే పంపాలి, నేర్చుకునే కుర్రవాళ్ళ కూలి కూడా అందులో కలపాలి. రంగు ఉతికి ఆరేయడానికి మంచి ఎండ కావాలి గనుక వానలు మొదలయ్యేలోపే ఆర్డరు వాళ్ళ చేతికి అందాలి. కార్యవర్గం ఈ నెల సమావేశంలోనే దీన్ని తీర్మానానికి పెట్టాలని కోరుతున్నాను. నా వంతు డబ్బు సిద్ధంగా ఉంది.