వంటగది లేని వానప్రస్థం

మా పెద్దమ్మ, పెద్దనాన్న రెండేళ్ల క్రితం మల్కాజిగిరిలోని సొంత ఇల్లు అమ్మేసి, ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఒక రిటైర్మెంట్ కమ్యూనిటీలో చేరినప్పుడు బంధువర్గంలో వినిపించిన విమర్శ ఒక్కటే. నలుగురున్న లోకాన్ని వదిలేసి, ముసలివాళ్లంతా ఒకచోట చేరి కులాసాగా కాలం గడపడం వాస్తవం నుంచి పారిపోవడమేనని అందరూ తీర్మానించారు. ఇదే మాట చర్చావేదికల మీద 'పలాయనవాదం' అనే మర్యాదైన పేరుతో వినిపిస్తోంది. కోయంబత్తూరు, బెంగళూరు, పుణెల దారిలో హైదరాబాద్ చుట్టూ కూడా వెలుస్తున్న ఈ సముదాయాల గురించి, వాటి వైపు చూస్తున్న ప్రవాస కుటుంబాల గురించి పాఠకులకు కొత్తగా చెప్పనవసరం లేదు. ఈ విమర్శ చేసేవారు ఏ వాస్తవాన్ని గురించి మాట్లాడుతున్నారో, అందులో ఎవరు ఏ గదిలో బతికారో మాత్రం చెప్పవలసి ఉంది.

మల్కాజిగిరి ఇంట్లో ఆ వాస్తవం ఉదయం నాలుగున్నరకు మొదలయ్యేది. పెద్దమ్మ లేచి డికాక్షన్ వేసి, పాలు కాచి, ముందురోజు రుబ్బిన పిండి పులిసిందో లేదో మూత తీసి చూసి, పనిమనిషి వచ్చేలోగా రాత్రి గిన్నెల్లో మిగిలినవి సర్ది పెట్టేది. ఆరింటికి వరండాలోంచి 'కాఫీ' అన్న ఒక్క మాట వినిపించేది. దానికి క్రియాపదం కూడా ఉండేది కాదు. ఆ తర్వాత టిఫిను, వంట, సాయంత్రం మళ్లీ కాఫీ, రాత్రికి ఇంకో కూర, పడుకునే ముందు పాలు తోడుపెట్టడం. మోకాళ్లు అరిగిపోయాయని డాక్టరు చెప్పిన తర్వాత వంటగదిలోకి ఒక ఎత్తుపీట వచ్చి చేరింది తప్ప ఈ వరసలో ఏ మార్పూ రాలేదు. కొడుకు డాలస్‌లో, కూతురు పుణెలో ఉంటారు. పండక్కి వాళ్లొస్తే పని రెట్టింపయ్యేది, రాకపోతే దిగులు రెట్టింపయ్యేది. ఆమె వదిలేసి వచ్చింది ఈ వాస్తవాన్ని.

పెద్దనాన్న 2009లో, 58 ఏళ్లకు, నీటిపారుదల శాఖ నుంచి రిటైరయ్యారు. సహోద్యోగులు దండలు వేసి, శాలువా కప్పి, జీపులో ఇంటిదాకా తెచ్చి దిగబెట్టారు. ఆ వచ్చిన పాతికమందికీ టీ పెట్టింది పెద్దమ్మే. ఆ తర్వాత ఉద్యోగుల పదవీ విరమణ వయసును ఆంధ్రప్రదేశ్ 2014లో 60కి, 2022లో 62కి పెంచింది. తెలంగాణ 2021లో 61కి పెంచింది. పెంచిన ప్రతిసారీ ఉద్యోగ సంఘాలు హర్షించాయి, నిరుద్యోగులు మండిపడ్డారు, సంపాదకీయాలు వచ్చాయి. గృహిణి ఏ వయసులో విరమించాలన్న ప్రశ్న మాత్రం ఏ వేతన సవరణ సంఘం ముందుకూ రాలేదు, ఎందుకంటే సవరించడానికి అక్కడ వేతనమే లేదు.

లెక్కలు కావలసినవారికి లెక్కలున్నాయి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంట్లోవాళ్ల కోసం జీతం లేని చాకిరీ చేసే స్త్రీలు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు, ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2024 సర్వే నాటికి స్త్రీల లెక్క 289కి దిగింది. పురుషుల లెక్క పెరగడం వల్ల అది దిగిందేమోనని ఆశపడితే, అదీ దిగింది, 88కి. అంటే ఐదేళ్లలో స్త్రీల భారం మూడు శాతం తగ్గితే, అందులో మూడోవంతు కూడా లేని పురుషుల భారం తొమ్మిది శాతం తగ్గింది. గ్యాసు పొయ్యి, మిక్సీ, ఫ్రిజ్, యాప్‌లో తెప్పించుకునే ఇడ్లీ పిండి, ఇన్ని వచ్చిన తర్వాత మిగిలిన లెక్క ఇది.

ఇప్పుడు ఆ కమ్యూనిటీ భోజనశాలకు వెళ్దాం. ఏడున్నరకు తలుపులు తీస్తారు, ఎనిమిది కుర్చీల బల్లలుంటాయి, ఉప్మా, పెసరట్టు వడ్డిస్తారు. చేరిన మొదటి వారంలో పెద్దమ్మ తిన్న వెంటనే తన కంచం, పెద్దనాన్న కంచం రెండూ ఎత్తుకుని కడగడానికి చోటు వెతికింది. వడ్డించే కుర్రాడు, 'అమ్మా, అక్కడ పెట్టేయండి, మేం చూసుకుంటాం' అన్నాడు. ఆ కంచాలు పట్టుకుని ఆమె కాసేపు అలాగే నిలబడిపోయిందని పెద్దనాన్నే నాకు చెప్పారు. కొన్ని వారాలపాటు అర్ధరాత్రి లేచి కూర్చుని, 'మినప్పప్పు నానబోశానా?' అని అడిగేదట. వాళ్ల ఫ్లాటులో ఒక మూల చిన్న గట్టు, దానిమీద ఒక ఇండక్షన్ స్టవ్ ఉన్నాయి; ఇప్పుడామె దానిమీద కాఫీకి పాలు తప్ప మరేమీ కాచదు.

ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది దినపత్రిక. మల్కాజిగిరిలో పేపరు పెద్దమ్మ చేతికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయ్యేది. అప్పటికది ముడతలు పడి, ఒక పేజీ పెద్దనాన్న కుర్చీ కింద, ఇంకోటి టీవీ మీద ఉండేది. కళ్లజోడు పెట్టుకుని తెరవగానే కునుకు పట్టేది. ఇప్పుడు ఉదయం ఆరున్నరకు గ్రంథాలయం గదిలో మడత విప్పని పేపరు ఆమెదే. కృష్ణా జలాల వాటాల మీద, ఎన్నికల పొత్తుల మీద అభిప్రాయాలున్నాయి, వాటిని వినే మనుషులున్నారు, కాదనే మనుషులూ ఉన్నారు. డెబ్భై రెండేళ్ల వయసులో మొదటిసారి లోకం వార్తలు వేడిగా ఉండగానే ఆమెకు అందుతున్నాయి. వాస్తవం నుంచి పారిపోవడం ఇలా ఉంటుందనుకుంటే, ఆమె యాభై ఏళ్లు ముందే పారిపోయి ఉండవలసింది.

నేను గమనించినంతలో 'ఇది కృత్రిమ జీవితం' అనే మాట ఎక్కువగా మగవాళ్ల నోటే వస్తోంది. పెద్దనాన్న కూడా దీనిని హాస్టల్ అంటారు, అసలు జీవితం ఇంట్లోనే ఉందంటారు. ఆయన వెలితి అబద్ధమని నేను అనను. వరండాలోంచి ఒక్క మాట అంటే నడిచివచ్చే కాఫీ కప్పు ఆయన జీవితంలో నిజంగా పోయింది. ఆ కప్పు నడిచి రావడానికి ఇంకొకరి మోకాళ్లు అరిగాయన్న సంగతి మాత్రం ఆయన వాస్తవంలో ఎప్పుడూ భాగం కాలేదు.

మన సంప్రదాయంలో వృద్ధుల స్థానం ఇంట్లోనే అని వాదించేవారు ఆ సంప్రదాయాన్ని కాస్త తిరగేయాలి. చర్మం ముడతలు పడి, జుట్టు నెరిసి, మనవడు పుట్టిన గృహస్థు అడవికి వెళ్లాలని చెప్పింది మనుస్మృతే. అంటే ఇల్లు విడవడం మన దగ్గర పలాయనం అనిపించుకోలేదు, ఆశ్రమధర్మం అనిపించుకుంది. అయితే ఆ వెంటనే వచ్చే శ్లోకం చదవండి: 'పుత్రేషు భార్యాం నిక్షిప్య వనం గచ్ఛేత్ సహైవ వా'. భార్యను కొడుకుల దగ్గర ఉంచి గాని, వెంట తీసుకుని గాని వెళ్లాలట. 'నిక్షిప్య', అంటే భద్రంగా దాచమని అప్పగించి, అన్న మాట దగ్గర ఆగండి. మనం నిక్షేపం అనే మాట వాడేది కూడా ఆ అర్థంలోనే, దాచిన సొత్తు విషయంలో. భారతం ఆశ్రమవాస పర్వంలో ధృతరాష్ట్రుడు ధర్మరాజు కొలువులో పదిహేనేళ్లు గడిపి, భీముడి సూటిపోటి మాటలకు మనసు విరిగి అడవికి బయలుదేరతాడు. ముందు కుంతి, ఆమె భుజం మీద గాంధారి చేయి, గాంధారి భుజం మీద ధృతరాష్ట్రుడి చేయి. కొడుకులు రాజ్యం గెలిచిన తర్వాత కూడా, వాళ్లు బతిమాలినా ఆగకుండా, బావగారికీ తోడికోడలికీ సేవ చేయడానికే కుంతి వెళ్లింది. మన వానప్రస్థంలో కూడా ఆడవారికి విరమణ లేదు, స్థలం మార్పు మాత్రమే ఉంది.

అవతలి వాదంలో పస లేదని కాదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో డెల్ వెబ్ సంస్థ 1960 జనవరి 1న తెరిచిన సన్ సిటీ ఇలాంటి ఊళ్లకు నమూనా. అక్కడ పిల్లలున్న కుటుంబాలకు నివాసం లేదు; బడుల కోసం పన్ను కట్టడం ఇష్టం లేని ఓటర్లు పాఠశాల బాండ్ల (పన్నులతో తీర్చే అప్పుల) ప్రతిపాదనలను పదే పదే ఓడించగా, చివరకు ఆ ఊరిని పియోరియా పాఠశాల జిల్లా నుంచే విడదీశారు. దాన్ని పలాయనం అంటే నేనూ ఒప్పుకుంటాను. మన దగ్గర కొన్ని ప్రకటనల్లో కనిపించే 'శుద్ధ శాకాహార వాతావరణం' అన్న మాట ఎవరిని రావద్దంటోందో కూడా అందరికీ తెలుసు. ఆ గోడలు పడగొట్టవలసినవే. అయితే లోపలి ఉమ్మడి వంటశాలను కూడా వాటితోపాటు కూల్చాలనడం ఏ న్యాయం?

అసలు అన్యాయం ధరలో ఉంది. మా వాళ్లిద్దరికీ నిర్వహణ, భోజనాలు కలిపి నెలకు నలభై వేలు దాటుతుంది. ఇల్లు అమ్మిన డబ్బు, పెన్షను, డాలస్ నుంచి వచ్చేది ఉంటే తప్ప సాధ్యం కాదు. వృద్ధాప్య పింఛనులో 60 నుంచి 79 ఏళ్లవారికి కేంద్రం ఇచ్చే వాటా నెలకు 200 రూపాయలు. రాష్ట్రాలు కలిపి ఇస్తేనే అది ఆంధ్రప్రదేశ్‌లో 4,000, తెలంగాణలో 2,016 అయింది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ప్రతి జిల్లాలో కనీసం ఒకటి, ఒక్కోదానిలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు ఉండేలా వృద్ధాశ్రమాలను దశలవారీగా నెలకొల్పే సంగతి దాని 19వ సెక్షన్‌లో ఉంది. ఉంది గాని, 'నెలకొల్పవచ్చు' అని ఉంది. 'నెలకొల్పాలి' అని రాసి ఉంటే కోర్టుకు వెళ్లి నిలదీయగలిగేవాళ్లం. ఆ ఒక్క క్రియ ప్రభుత్వాలకు పారిపోయే దారి ఇచ్చింది. పలాయనం గురించి మాట్లాడదలచుకున్నవారు అక్కడ మొదలుపెట్టవచ్చు.

నా దృష్టిలో గదుల కంటే ముందు కావలసింది వంటశాలలు. అయిదు రూపాయల భోజనం హైదరాబాద్‌లో 2014 నుంచి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు 2018లో మొదలై, మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. పెద్దఎత్తున వండి వడ్డించడం మన ప్రభుత్వాలకు చేతకాని పని కాదని దీనివల్ల తేలింది. అయితే ఆ కౌంటర్ల దగ్గర వరుసలో నిలబడేది ఎక్కువగా కూలి పనికి వచ్చిన మగవాళ్లే. అదే వంట వార్డుకొకచోట, కూర్చోవడానికి కుర్చీలతో, ఉప్పు తగ్గించిన కూరతో, అరవై దాటిన ఆడవాళ్లను పేరు పెట్టి పిలిచే ఒక ఆయాతో ఉంటే ఎందుకు కుదరదు? ఇల్లు అమ్ముకోనవసరం లేదు, ఊరు వదలనవసరం లేదు. మల్కాజిగిరిలోనే ఉంటూ, పగటి వంట చేయకుండా బతకవచ్చు. భర్త పోయిన తర్వాత ఒక్కదానికోసం పొయ్యి వెలిగించడమెందుకని మజ్జిగన్నంతో సరిపెట్టుకునే ఆడవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వారి రక్తహీనతకు మాత్రలు పంచుతాం గాని, వారికి ఎవరైనా వండి పెట్టాలన్న ఆలోచనకు పెద్దగా చోటివ్వం.

కిందటి నెల నేను చూడటానికి వెళ్లినప్పుడు పెద్దమ్మ భోజనశాల గుమ్మం దగ్గర తాడుకు వేలాడే సూచనల పుస్తకంలో ఏదో రాస్తోంది. భుజం మీదుగా తొంగిచూశాను. పప్పుచారులో పోపు మాడిందని, ఇంగువ చివర్లో వేయాలని, బీరకాయ పచ్చడిలో నువ్వులు తగ్గాయని గుండ్రని అక్షరాలతో రాసి, కింద సంతకం చేసి, తారీఖు వేసింది. పేజీలు వెనక్కి తిప్పితే ఆ నెలలో అది ఆమె నాలుగో ఫిర్యాదు. 'రేపట్నించి చూస్తూ ఉండు, ఎలా మారుస్తారో' అని, కలం టోపీ పెట్టి, పెద్దనాన్న ఇంకా బల్ల దగ్గరే కూర్చుని ఉండగా పేకాట గదికి వెళ్లిపోయింది.