బోర్డు తిప్పని విమానం

ఈ ఎండాకాలం ఇన్వర్టర్ కొందామని మా ఆవిడ దాచిన డబ్బుతో నేను జాయ్‌స్టిక్ కొన్నాను. నిజానికి కథంతా ఇంతే. మధ్యలో హైదరాబాదు ప్రయాణం ఒకటుంది కాబట్టి చెబుతున్నాను.

ఫ్లైట్ సిమ్యులేటర్ అంటే కంప్యూటర్లో విమానం నడపడం. విజయవాడ సత్యనారాయణపురంలో బనీనుతో కూర్చుని గన్నవరంలో గాల్లోకి లేవచ్చు. మూడు నెలలు తెరమీద గీత చూసుకుంటూ నడిపాక నాకు రోషం వచ్చింది. ఎవరో గీసిచ్చిన గీత మీద పోయేవాడూ పైలటేనా? పాతకాలం వాళ్ళలా రేడియో బీకన్లు పట్టుకుని పోవాలి!

ఆ బీకన్‌ని వీఓఆర్ అంటారు. నేలమీద ఒకచోట ఉండి అన్ని దిక్కులకూ సిగ్నల్ పంపుతుంటుంది. అది బండిచక్రం నడిమి కుండ అనుకుంటే, దాని చుట్టూ డిగ్రీకొకటి చొప్పున 360 ఆకులు. మనం ఏ ఆకు మీదున్నామో విమానంలో ముల్లు చెబుతుంది. ఎఫ్‌ఎం పాటలు అయిపోయే 108 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలై 118 లోపు ఉంటాయి ఈ స్టేషన్లన్నీ. పాటలుండవు, మోర్స్ కోడ్‌లో తన పేరు తాను కీచుకీచుమని చెప్పుకుంటూ ఉంటుంది. అది విని సరైన స్టేషనే అని ఖాయం చేసుకోవాలి.

రోహిణి కార్తె మధ్యాహ్నం. సెస్నా 172 అనే చిన్న విమానం ఎక్కాను. మా మామగారు కునుకు పట్టక కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. ఆయన ఆర్టీసీలో హైదరాబాదు సర్వీసు తోలి తోలి రిటైరయ్యారు.

"ఎక్కడికి అల్లుడు గారూ?"

"హైదరాబాదండీ. శంషాబాద్."

"నందిగామ మీదుగానేగా?"

సిగ్నల్ అందేదాకా దిక్సూచిని నమ్ముకుని 288 డిగ్రీల్లో పోయాను. ఎనిమిది వేల అడుగులకు చేరాక, ఇరవై నిమిషాలకు కీచుకీచు వినిపించింది. ఇక శాస్త్రం మొదలు. శంషాబాద్ నుంచి చూస్తే గన్నవరం ఉన్నది 108వ ఆకు మీద. కనుక ముల్లున్న డయల్ తిప్పి 108 డిగ్రీలు పెట్టాను. (అంబులెన్సు నంబరు కూడా అదేనని అప్పుడు తట్టలేదు.)

ముల్లు కొంచెం ఎడమకు జరిగింది. దారి ఎడమ పక్కన ఉందన్నమాట. ఎడమకు తిప్పాను. ముల్లు ఇంకా ఎడమకు పోయింది. ఇంకాస్త తిప్పాను. అది ఏకంగా అంచుకు వెళ్ళి అతుక్కుపోయింది. అంటే దారికి పది డిగ్రీలో, అంతకంటే ఎక్కువో తప్పామని లెక్క. కొత్త కోడల్ని బుజ్జగించినట్టు నేను ఎడమకు, ఎడమకు, ఎడమకు పోతూనే ఉన్నాను.

"కోదాడ దాటామా?" అన్నారు మామగారు.

"పైనుంచి తెలీదండీ."

"సూర్యాపేటలో టీకి ఆపేవాణ్ణి."

ఇంతలో కింద కొండలు, కొండల మధ్య ఇంతెత్తు గోడ, దాని వెనక సముద్రమంత నీళ్ళు.

మామగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అల్లుడు గారూ, ఇది నాగార్జున సాగర్. హైదరాబాదు సర్వీసుకి సాగర్ లేదు."

నాకు చెమటలు పట్టాయి, ఎండకే అనుకోండి. ముల్లు చెప్పినట్టే విన్నానని, మోర్స్ కోడ్ కూడా సరిచూశానని మొరపెట్టుకున్నాను. ఆయన తెరమీదికి వంగి, ముల్లు పక్కనున్న బుల్లి జెండా మీద వేలు పెట్టారు.

"ఇదేం రాసుంది?"

"ఫ్రమ్."

"అంటే హైదరాబాదు నుంచి వస్తున్నట్టు బోర్డు పెట్టుకుని హైదరాబాదు పోతున్నారన్నమాట. డిపోలో బోర్డు తిప్పకుండా బండి తీస్తే జనం ఎటెటు ఎక్కుతారో నాకు తెలుసు. తిప్పండి."

నిజమే. అక్కడ పెట్టాల్సింది మనమున్న ఆకు కాదు, మనం పోయే దిక్కు. 108 పెట్టేసరికి, నేను శంషాబాద్‌కి వీపు చూపించి గన్నవరం పోతున్నాననుకుంది ముల్లు. దాని ఎడమ నాకు కుడి. అది దారి ఇటు రా నాయనా అని పిలుస్తుంటే నేను అటు పరిగెత్తాను. వారం రోజులు పుస్తకాలు చదివింది నేను, జెండా చదివింది ఆయన.

288 పెట్టాను. జెండా టూ అని తిరిగింది. ముల్లు ఆ అంచు వదిలి ఈ అంచుకు, కుడికి దూకింది. కుడికి బాగా వొంచి తిప్పాను. పది నిమిషాలకు ముల్లు మెల్లగా, బెల్లం చూసిన చీమలా మధ్యకు కదలడం మొదలుపెట్టింది. మామగారు కూడా కుర్చీ అంచుకు జరిగారు. "చౌటుప్పల్ వచ్చేస్తుంది," అన్నారు, ఎందుకన్నారో ఆయనకే తెలియాలి.

టప్‌మని కరెంటు పోయింది.

తెర నల్లబడింది. ఫ్యాను నాలుగు చుట్లు బద్ధకంగా తిరిగి ఆగింది. ఇద్దరం అలాగే, చీకటి తెరలో మా మొహాలు మేమే చూసుకుంటూ కూర్చున్నాం. ప్రయాణం సేవ్ చేయలేదు, మళ్ళీ గన్నవరం నుంచే.

వంటింట్లోంచి విసనకర్ర చప్పుడు, వెనకే మా ఆవిడ గొంతు: "ఏమండీ, దిగారా హైదరాబాదులో?"

నేను నోరు తెరిచేలోపే మామగారు జవాబిచ్చారు. "లేదమ్మా, సాగర్ చూసి వచ్చేశాం. ఇంతకీ ఆ ఇన్వర్టర్ డబ్బులేమయ్యాయి?"