నాలా పొంగితే ఎవరిని అడగాలి?

2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వరంగల్, హనుమకొండ కాలనీలను ముంచినప్పుడు మన ఫోన్ల నిండా రాజకీయమే. ఇది గత ప్రభుత్వ పాపమని ఒకరు, ఇప్పటి ప్రభుత్వ చేతకానితనమని ఇంకొకరు. ఇద్దరినీ కలిపి తిట్టేవాళ్లు మరికొందరు. ఆ తిట్లకే థంబ్‌నెయిల్స్ పెట్టి యూట్యూబ్ ఛానళ్లు నడిచాయి, వాటి లింకులతో వాట్సాప్ గ్రూపులు నిండిపోయాయి. మోకాలి లోతు నీళ్లలో నిలబడి బియ్యం సంచిని మంచం మీదికి ఎత్తుకునే మనిషి అడిగే ప్రశ్న మాత్రం చిన్నది. ఈ నీళ్లు మా గల్లీకే ఎందుకొచ్చాయి? దీనికి ఏ ఆఫీసు జవాబు చెప్పాలి? దాని జోలికి వెళ్లినవాళ్లు తక్కువ.

రాజకీయాల మీద రాసేవాళ్లకు, మాట్లాడేవాళ్లకు ఉత్తర తెలంగాణలో కొదవ లేదు. వాళ్ల మాటకు బలమూ తక్కువేం కాదు. టీవీలో మొదలై యూట్యూబ్‌తో ఇంటింటికీ తెలిసిన తీన్మార్ మల్లన్న 2024 జూన్‌లో వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల స్థానం నుంచి శాసనమండలికి గెలిచారు. ఆయన రాజకీయాలు నచ్చడం, నచ్చకపోవడం వేరే సంగతి. ఫోన్లో మాట్లాడే మనిషిని జనం ఎంత శ్రద్ధగా వింటున్నారో ఆ ఫలితం చూపించింది. అంతగా వినే జనానికి మనం తిరిగి ఏమిస్తున్నాం అన్నదే నన్ను కలవరపెడుతున్న విషయం.

అభిప్రాయం ఎవరైనా చెబుతారు. అంబేడ్కర్ సెంటర్‌లో చాయ్ తాగే పది నిమిషాల్లో నాలుగు వినొచ్చు. పాఠకుడు సొంతంగా సంపాదించుకోలేనిది ఒకటుంది. ఏ పని ఎవరి చేతిలో ఉంది, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు, ఇచ్చిన మాట ఎక్కడ ఆగిపోయింది అనే ఆచూకీ. కూలికి, కొలువుకు, పొలానికి పోయే మనిషికి ఆఫీసుల చుట్టూ తిరిగే తీరిక ఉండదు. ఆ తిరుగుడేదో అతని తరఫున తిరిగి, తెలిసింది తెలిసినట్టు చెప్పడమే రాజకీయాలు రాసేవాళ్ల అసలు పని అని నేను గట్టిగా నమ్ముతాను.

నాలా సంగతే తీసుకుందాం. వరంగల్ నగరం 2020 ఆగస్టులో మునిగింది, 2023 జులైలో మునిగింది, 2025లో మళ్లీ మునిగింది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులోనే 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. ఆ వానల్లోనే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగింది, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. అంత వాన కొడితే ఎవరేం చేస్తారు అనేవాళ్ల మాటలో కొంత నిజముంది. కానీ ఒకే వానకు ఒక కాలనీలో నీళ్లు గంటలో దిగిపోయి, పక్క కాలనీలో రెండు రోజులు నిలిచాయంటే ఆ తేడాను వాన మీద నెట్టలేం. రాసేవాడి పని అక్కడ మొదలవుతుంది.

చెరువు కట్ట, తూము, అలుగు ఇరిగేషన్ శాఖ చూడాలి. నగరంలో నాలా పూడిక తీయడం, వెడల్పు చేయడం కార్పొరేషన్ పని. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో హద్దు తేల్చాల్సింది ఇరిగేషన్, రెవెన్యూ శాఖలు కలిసి. ఆ హద్దు లోపల ఇంటికి పర్మిషన్ ఇచ్చింది కార్పొరేషనా, లేక ఆ ఊరు నగరంలో కలవక ముందు గ్రామ పంచాయతీయా అన్నది ఇంకో చిక్కు. లేఅవుట్ల దగ్గరికొస్తే 'కుడా' (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) పేరు వస్తుంది. దీనికి తోడు 1972 నాటి మాస్టర్ ప్లాన్‌తోనే నగరం దశాబ్దాల పాటు పెరిగింది. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్, రూరల్ జిల్లాలను హనుమకొండ, వరంగల్ జిల్లాలుగా మార్చాక ఒకే కార్పొరేషన్ ఇద్దరు కలెక్టర్ల పరిధిలోకి వెళ్లింది. ఇన్ని చేతులు పడ్డచోట ఒకరు ఇంకొకరి మీదికి తోసేయడం చాలా తేలిక. మామూలు మనిషి ఎమ్మెల్యే ఇంటి ముందు ధర్నా చేసి, ఫొటో దిగి, ఇంటికొచ్చి మళ్లీ నీళ్లు ఎత్తిపోసుకుంటాడు.

ఒక కాలనీ పేరు పెట్టండి. నాలా ఎక్కడ సన్నబడిందో ఫొటో తీయండి. పాత మ్యాపులో అక్కడ ఎంత వెడల్పుందో చూపించండి. ఆ ఇంటికో షాపుకో పర్మిషన్ ఏ ఏడు ఇచ్చారో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి తెప్పించండి. 30 రోజుల్లో జవాబివ్వాలని 2005 చట్టం చెబుతోంది. జవాబు రాకపోతే, రాలేదన్నది కూడా రాయదగ్గ విషయమే. ఇందులో పార్టీ పేరు ఒక్కసారి కూడా రాకపోవచ్చు. అయినా అది అచ్చమైన రాజకీయ వ్యాసం. దాన్ని చదివిన కాలనీవాళ్లు కార్పొరేటర్ దగ్గరికి కోపంతో పాటు కాగితం కూడా పట్టుకుని వెళ్తారు. ఉట్టి కోపాన్ని హామీతో చల్లార్చవచ్చు. కాగితానికి ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి వచ్చే కాలంలో ఈ లోటు ఇంకా బాధిస్తుంది. ధర పడగానే ఒకరినొకరు రైతు ద్రోహులనుకోవడం మొదలవుతుంది, మనవాళ్లు ఆ మాటల్నే అటూఇటూ మోస్తారు. మద్దతు ధర ప్రకటించేది కేంద్రం. 2025-26కు పొడవు పింజ పత్తికి అది క్వింటాలుకు రూ.8,110. ఆ ధరకు కొనాల్సింది కేంద్ర జౌళి శాఖ కిందున్న భారత పత్తి సంస్థ, అంటే సీసీఐ. తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి ధర, ఆపైన ఒక్కో శాతానికి ఒక్కో శాతం కోత, 12 దాటితే అసలు కొనరు. అంటే తేమ మిషన్ 12 చూపించిన రైతుకు క్వింటాలుకు దాదాపు రూ.324 తగ్గుతుంది. 13 చూపిస్తే అతను ప్రైవేటు వ్యాపారి దగ్గరికి పోవాలి, ఆయన చెప్పిందే రేటు. జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర బండి మీద కూర్చున్న రైతుకు అప్పుడు కావాల్సింది ఈ లెక్క. రాత్రంతా మంచు పడ్డ పత్తిని పొద్దున్నే తేవాలా, ఒక రోజు ఆరబెట్టి తేవాలా అన్నది దీన్ని బట్టే తేలుతుంది.

ఇక్కడా ఎవరిని ఏం అడగాలో విడదీసి చెప్పాలి. తేమ నిబంధన సడలించాలంటే ఢిల్లీని అడగాలి. 2025 ఆగస్టులో పత్తి దిగుమతి మీదున్న 11 శాతం సుంకాన్ని ఆ ఏడాది చివరిదాకా ఎత్తేసిందీ ఢిల్లీయే. యార్డులో ఆరబోసుకునే జాగా, టార్పాలిన్లు, కాంటాల తనిఖీ, రైతుకిచ్చే లెక్క చీటీ తక్‌పట్టీలో ఉన్నదున్నట్టు రాయడం రాష్ట్ర మార్కెటింగ్ శాఖ, మార్కెట్ కమిటీ చూసుకోవాల్సినవి. ఈ రెంటినీ కలిపి ఒకే తిట్టు తిడితే ఎంపీ, ఎమ్మెల్యే ఇద్దరూ హాయిగా తప్పించుకుంటారు.

కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ మాట ఎన్ని ఎన్నికల్లో విన్నామో! 1980ల్లో మనకు రావాల్సింది పంజాబ్‌లోని కపుర్తలాకు వెళ్లిపోయిందన్న బాధ ఇక్కడి రైల్వే కుటుంబాల్లో ఇంకా ఉంది. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలో మళ్లీ ఆశ పుట్టింది. కానీ ఆ చట్టం 13వ షెడ్యూల్ తెరిచి చదివితే కోచ్ ఫ్యాక్టరీకైనా, బయ్యారం ఆశలు పెట్టుకున్న ఉక్కు ఫ్యాక్టరీకైనా ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని మాత్రమే ఉంది. గిరిజన విశ్వవిద్యాలయం సంగతి అలా కాదు, దాన్ని స్థాపించాలనే ఉంది. ములుగులో దాని కోసం పార్లమెంటు చట్టం చేయడానికి 2023 డిసెంబర్ దాకా పట్టింది. షెడ్యూల్‌లోని పనులకు 93వ సెక్షన్ పెట్టిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో అయిపోయింది. ఈలోగా 2023 జులై 8న ప్రధాని కాజీపేట వ్యాగన్ల యూనిట్‌కు శంకుస్థాపన చేశారు.

ఇవన్నీ తేదీలతో ఒకచోట రాసి పెడితే, చట్టం ఫ్యాక్టరీ ఇచ్చేసిందని చెప్పే నాయకుడినీ, అడిగినదంతా ఇచ్చేశామని చెప్పే నాయకుడినీ ఒకే కాగితంతో నిలదీయొచ్చు. ఎంపీలు మారారు, కండువాలు మారాయి. ఎవరు ఏ ఏడు ఏమన్నారో గుర్తుపెట్టుకునే ఓపిక ఓటరుకు ఉండదు, ఉండాలని అనుకోవడమూ న్యాయం కాదు. ఆ ఓపిక రాసేవాళ్లకు ఉండాలి.

కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ గురించి ఒక మాట. 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాక్ కుంగినప్పటి నుంచి మన దగ్గర రాసేవాళ్లు రెండు జట్లుగా విడిపోయారు. కాళేశ్వరం మీద విచారించిన జస్టిస్ పీసీ ఘోష్ కమిషన్ 2025 జులై 31న నివేదిక ఇచ్చాక ఆ చీలిక ఇంకా ముదిరింది. మధ్యలో రైతు అడిగిన ప్రశ్న మునిగిపోయింది. ఈ యాసంగికి మా కాలువకు నీళ్లొస్తాయా? మేడిగడ్డలో నీళ్లు నిలపకపోయినా ఎల్లంపల్లి ప్రాజెక్టుకు తన వరద తనకుంది, అక్కడి నుంచి మిడ్ మానేరుకు ఎత్తిపోతలు సాగుతూనే ఉన్నాయి. ఈ ఒక్క ముక్క ఒక పక్షానికీ నచ్చదు, రెండో పక్షానికీ నచ్చదు. రైతుకు మాత్రం పనికొస్తుంది.

ఇలాంటివి రాస్తే ఎవరు చూస్తారని చాలామంది అడుగుతారు. వ్యూస్ తగ్గుతాయి, నిజమే. దానికన్నా పెద్ద ఇబ్బంది ఎన్నికల ముందు వచ్చే ప్యాకేజీ. ఊళ్లలో చిన్న ఛానల్ నడిపే కుర్రాడికి ఇంటి ఖర్చులుంటాయి, కెమెరా ఈఎంఐ ఉంటుంది, డబ్బు ఇచ్చేవాడు ఇంటికే వస్తాడు. ఆ కుర్రాడిని తిట్టడానికి నాకు మనసు రాదు. కానీ పాఠకుడు మోసపోకూడదు. ప్రకటనగా తీసుకున్నది ప్రకటనే అని పైన రాయాలి. ఏ అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకున్నారో ఆ అభ్యర్థి గురించి ఆ ఎన్నికలో విశ్లేషణ రాయకూడదు. అభ్యర్థులు నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26 అఫిడవిట్లు ఎన్నికల సంఘం సైట్‌లో అందరికీ దొరుకుతాయి. ఆస్తి, అప్పు, కేసులు అందులో ఉంటాయి. ఒకే నాయకుడి రెండు ఎన్నికల అఫిడవిట్లు పక్కపక్కన పెట్టి ఏం పెరిగిందో, ఏం తగ్గిందో ఏ విశేషణమూ లేకుండా రాస్తే చాలు, పాఠకుడు మిగతాది తనే చూసుకుంటాడు. ఇందుకు పైసా ఖర్చు లేదు.

ఈ నేలకు ఇదేమీ కొత్త కాదు. 1922లో ఇనుగుర్తి అనే ఊరి నుంచి ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' వారపత్రిక నడిపారు. నిజాం పాలనలో, తెలుగు చదువుకే దిక్కులేని రోజుల్లో, పల్లెలో ప్రెస్ పెట్టి! హైదరాబాద్‌లో ఎవరేమన్నారో చెప్పడానికి పల్లెలో ప్రెస్ అక్కర్లేదు. తమ చుట్టూ ఉన్న మనుషుల కోసం రాయాలనుకున్నవాళ్లే ఆ కష్టం పడతారు. ఇవాళ మన చేతిలో ఫోను ఉండగా దృష్టి మాత్రం సెక్రటేరియట్ గేటు దగ్గరే ఎందుకు ఆగిపోతోంది?

మొదలుపెట్టడానికి పంచాయతీ కన్నా మంచి చోటు లేదు. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు ఊళ్లకు సర్పంచులు లేరు, ఎన్నికైన పాలకవర్గాలు లేవని ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. 2025 డిసెంబర్‌లో మూడు విడతల్లో ఎన్నికలు జరిగి కొత్త సర్పంచులు వచ్చారు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకం ఉండాలి. ఊరికి వచ్చిన ఆర్థిక సంఘం నిధులు, చెల్లింపులు ఈ-గ్రామ స్వరాజ్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఒక్క మండలం ఎంచుకోండి. గ్రామసభ ఏ తేదీన పెట్టారో, అసలు పెట్టారో లేదో, ఎవరేం అడిగారో, సర్పంచ్ ఏం చెప్పారో, పోర్టల్‌లో ఏముందో వరసగా రాస్తూ పోండి. మొదటి ఏడాది వంద మందే చదవొచ్చు. ఆ వంద మందీ ఆ ఊళ్ల ఓటర్లే.