కణపొర గారికి, మాత్రలు మింగేవాడి లేఖ

మహారాజశ్రీ కణపొర గారికి,

తమరి మందం మిల్లీమీటరులో లక్షో వంతుకు కూడా రాదు. దర్జా మాత్రం కోట కాపలాదారుకు కూడా ఉండదు. డాక్టరు రాసిచ్చిన మందైనా సరే, తమరు ఊ అంటేనే లోపలికి.

పోనీ తమరి రూలేమైనా న్యాయంగా ఉందా? ఒంటినిండా కొవ్వే కాబట్టి కొవ్వులో కరిగేవాళ్లంటే తమరికి ప్రాణం. చిన్నగా ఉండి, విద్యుదావేశం లేకుంటే చాలు, ఎవరని కూడా అడగరు. మందా, విషమా అన్న విచారణే లేదు. సారా నేరుగా మెదడులోకి పోయి కూర్చుంటుంది. పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బు ఉన్న రోగి మెదడుకు అవసరమైన డోపమైన్ అనే రసాయనాన్ని మాత్రం మెదడు రక్తనాళాల దగ్గరే ఆపేస్తారు. చివరికి డాక్టర్లే మారువేషం కట్టాల్సి వచ్చింది. లెవోడోపా అని పంపితే, అమైనో ఆమ్లాలను మోసే ప్రోటీన్ దాన్ని తనవాడే అనుకుని లోపల దింపుతుంది. అక్కడికెళ్లాక అది డోపమైన్‌గా మారుతుంది. తమరు గమనించినట్టే లేదు!

ఆస్పిరిన్ సంగతి ఇంకా విచిత్రం. కడుపులోని ఆమ్లంలో దానికి విద్యుదావేశం ఉండదు కాబట్టి రమ్మంటారు. కణం లోపల అంత ఆమ్లం లేదాయె. పాపం అది ఒక ప్రోటాన్ పోగొట్టుకుని ఆవేశం తెచ్చుకుంటుంది. అంతే, మళ్లీ బయటికి పోనివ్వరు. అది అక్కడే పోగుపడి కడుపు గోడను గిల్లుతుంటే ఆ మంట పడేది నేను.

తమరి కొలువులో పి-గ్లైకోప్రోటీన్ అని ఒకాయన ఉన్నాడు. 1976లో శాస్త్రవేత్తల కంటపడ్డాడు. లోపలికి వచ్చినవాళ్లను మెడపట్టి గెంటడమే ఆయన ఉద్యోగం. విరేచనాలకు వేసుకునే లోపెరమైడ్ నిజానికి మత్తెక్కించే మార్ఫిన్ కుటుంబంలోది. మామూలు మోతాదులో అది మెదడుకెక్కకుండా చూసేది ఈయనే, ఆ మేలు కాదనను. కానీ క్యాన్సర్ కణాలు ఈయన్నే డజన్లకొద్దీ పనిలో పెట్టుకుని కీమో మందును వచ్చినదాన్ని వచ్చినట్టు బయటికి తోసేస్తుంటే, అదేం విధేయత? ఆయన్ని ఆపే మందులూ వాడి చూశారు. ఆశించినంత ఫలితం రాలేదు. పైగా ఒంట్లో మంచి కణాలను విషాల నుంచి కాపాడేదీ ఆయనే కదా, చేయి కట్టేస్తే వాటికీ టెన్షనే.

ఇంతకీ నా సొంత ఫిర్యాదు. ఫెక్సోఫెనడిన్ అనే అలర్జీ మాత్రను పేగు గోడ దాటించే ప్రోటీన్లు ఆపిల్, నారింజ రసాలు తగిలితే పని మందగిస్తాయట. మందు పూర్తిగా ఒంటికి పట్టదు. నేనేమో ఆరోగ్యమని గ్లాసుడు రసంతో వేసుకుని తుమ్ముతూ కూర్చున్నాను. ఇకపై నీళ్లతోనే వేసుకుంటాను. ఈసారైనా వంక పెట్టకుండా లోపలికి పంపించగలరు.

ఇట్లు,
తమరి గుమ్మం ముందు తుమ్ముతున్న
ఒక విధేయుడు