గోధుమ రంగు పడని స్లైడు

(హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి ల్యాబు, సాయంత్రం. మైక్రోస్కోపు కింద అండాశయ కణితి ముక్క. పీ53 అనే ప్రోటీను ఉన్నచోట గోధుమ రంగు పట్టే పరీక్షలో కణితి కణాలకు గోధుమ రంగు చుక్కైనా పట్టలేదు.)

యువ సర్జన్: పీ53 నెగటివ్ కదా మేడం? క్యాన్సర్ కాదని ఇంటివాళ్లతో చెప్పనా?

పాథాలజిస్టు: చెప్పకండి. ఇక్కడ రంగు పడకపోవడమే ప్రమాదం. మామూలు కణాల్లో ఆ ప్రోటీను కొద్దికొద్దిగా ఉంటుంది. అందుకే కొన్నింటికి లేతగా, అక్కడక్కడ ముదురుగా పడుతుంది. దాన్ని తయారుచేసే జన్యువు చెడితే ముఖ్యంగా రెండు రకాలు. ప్రోటీను పేరుకుపోతే కేంద్రకాలన్నీ ముదురు గోధుమ. తయారీయే ఆగిపోతే కణమంతా ఖాళీ. అండాశయంలో వేగంగా పెరిగే హైగ్రేడ్ సీరస్ క్యాన్సర్లలో 95 శాతానికి పైగా ఈ జన్యువు దెబ్బతిని ఉంటుంది. పక్కనున్న రక్తనాళం గోడను చూడండి, దానికి లేతగా పట్టింది. అంటే పరీక్ష పనిచేసింది, ప్రోటీను లేనిది కణితిలోనే.

సర్జన్: అయితే తేల్చింది రంగే కదా!

పాథాలజిస్టు: కాదు. ముందు హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే మామూలు రంగులు వేసిన స్లైడు చూశాను. ఊదా కేంద్రకాలు ఒకదానికొకటి మూడింతల తేడాతో ఉన్నాయి, కణాలు చుట్టూ ఉన్న కణజాలంలోకి చొరబడ్డాయి. అది చూశాకే పీ53 అడిగాను. నెమ్మదిగా పెరిగే లోగ్రేడ్ సీరస్ క్యాన్సర్‌లో పీ53 మామూలుగానే కనిపిస్తుంది. దాన్ని నమ్మి హానిలేనిదని రాస్తే?

సర్జన్: కంటి మీద అంత నమ్మకమా? పోయిన నెల ఒకావిడ పొట్టనీటిలో, వాపుతో ఉబ్బిన పొర కణాలను చూసి మీరే క్యాన్సర్ అనుమానమని రాశారు. పొర కణాలకు పట్టే కాల్‌రెటినిన్ రంగు పట్టి, గ్రంథి క్యాన్సర్ కణాలకు పట్టే ఎంఓసీ31 పట్టకపోయాకే అవి మామూలు పొర కణాలని తేలింది. ఆ ఐదు రోజులూ ఆవిడకు నిద్ర లేదు.

పాథాలజిస్టు: నిజమే. రాసింది నేనే. కన్ను తప్పుతుంది. ఆ రోజు రంగులే నన్ను కాపాడాయి. కానీ అదే ఎంఓసీ31 ఎండోసాల్పింజియోసిస్ లాంటి హానిలేని గ్రంథులకూ పడుతుంది. అది ఏ ఇంటి కణమో రంగు చెబుతుంది, ఎలా నడుచుకుంటుందో చెప్పదు. పైగా రంగు సరిగ్గా పట్టాలంటే ముక్క సరిగ్గా రావాలి. మొన్న మీ థియేటర్ నుంచి వచ్చింది రెండు గంటలు పొడిగా పడి ఉంది.

సర్జన్: ముక్క పాడవకుండా వేసే ఫార్మలిన్ లేదు మేడం. స్టోరుకు రెండుసార్లు మనిషిని పంపాను.

పాథాలజిస్టు: నాకు ఫోను చేయాల్సింది. ముక్కకు పదింతల ఫార్మలిన్, వెంటనే. ఎన్నిసార్లు చెప్పాను!

సర్జన్: మీ ల్యాబు ఫోను ఎవరెత్తుతారు? అరగంట మోగింది.

పాథాలజిస్టు: ...నా సొంత నంబరు రాసుకోండి.

సర్జన్: సరే. ఇప్పుడు వాళ్లకేం చెప్పను? ఇమ్లీబన్‌లో మహబూబ్‌నగర్ బస్సు అందుకోవాలట.

పాథాలజిస్టు: క్యాన్సరేనని చెప్పాలి. డబ్ల్యూటీ1, ప్యాక్స్8 అనే రంగు పరీక్షలు రేపు వస్తాయి, క్యాన్సర్ మొదలైన చోటు అవి చెబుతాయి. పదండి, నేనూ వస్తాను.