విసనకర్రలా విచ్చుకున్న నగరం కార్ల్స్‌రూయె

జర్మనీ నైరుతి మూలన, రైన్ నదికీ బ్లాక్ ఫారెస్ట్ కొండలకూ నడుమ ఉన్న చదునైన అడవి నేలలో, 1715 జూన్ 17న బాడెన్-డుర్లాఖ్ పాలకుడు కార్ల్ విల్‌హెల్మ్ శంకుస్థాపన చేయడంతో కార్ల్స్‌రూయె మొదలైంది. పర్యాటకుల్లో చాలామందికి ఇది కొండలకు వెళ్తూ రైలు మారే చోటు మాత్రమే. నా దృష్టిలో అది పెద్ద పొరపాటు. ఈ ఊళ్లో అన్నిటికన్నా ముందు చూడదగ్గది దాని అమరిక.

రాజప్రాసాదం వెనుకనున్న ఎనిమిది పలకల బురుజు నుంచి 32 దారులు సూర్యకిరణాల్లా అన్ని దిక్కులకూ వెళ్తాయి. దక్షిణాన ఉన్న తొమ్మిది దారులు ఊరి వీధులు కాగా, మిగిలినవి తోటను దాటి హార్ట్‌వాల్డ్ అడవిలోకి సాగిపోతాయి. జర్మన్లు దీన్ని ‘విసనకర్ర నగరం’ అని పిలవడానికి కారణం ఇదే. పటంలో చూస్తే ఇది ముచ్చటైన బొమ్మ. దీని అసలు స్వభావం కాలినడకన తెలుస్తుంది. తూర్పు పడమరలుగా సాగే పెద్దబజారు కైజర్‌స్ట్రాసె మీద నడుస్తూ, కిరణ వీధులు కలిసే చోట్ల ఉత్తరం వైపు తల తిప్పితే, వీధి చివర మళ్లీ అదే బురుజు నిలబడి ఉంటుంది. పాలకుడి చూపు ఊరంతా పరుచుకోవాలన్న కోరిక ఈ గీతల్లో దాగలేదు. అయితే అదే పాలకుడు కొత్తగా వచ్చి స్థిరపడేవారికి ఇళ్ల స్థలం, కలప, పన్ను మినహాయింపులతో పాటు మత స్వేచ్ఛను కూడా లిఖితపూర్వకంగా ఇచ్చాడన్నది మరువరాదు.

ఆయన సమాధి మార్కెట్ కూడలిలో, ఎర్ర ఇసుకరాయి పిరమిడ్ కింద ఉంది. కూడలిని విస్తరించేందుకు 1807లో అక్కడి చర్చిని కూల్చినా సమాధిని కదపలేదు. వాస్తుశిల్పి ఫ్రీడ్రిక్ వైన్‌బ్రెన్నర్ 1823-25 మధ్య దానిపై ఈ పిరమిడ్ కట్టించాడు. బజారు సందడి నిండిన చోట పేరు చెక్కిన భారీ విగ్రహం కాక ఇంత నిరాడంబరమైన రాతి గుర్తు కనబడడం మనసును తాకుతుంది.

పాత ఆయుధ కర్మాగారంలో 1997లో తెరిచిన జెడ్‌కేఎం మీడియా కళల కేంద్రానికీ, డుర్లాఖ్ పక్కనున్న టుర్మ్‌బెర్గ్ కొండకూ తీరిక ఉంటే వెళ్లవచ్చు. ప్రాసాదం పడమటి పక్క మాత్రం తప్పక ఆగాలి. రెండో ప్రపంచ యుద్ధంలో తగలబడిన రాజుగారి నాటకశాల స్థలంలో, పౌల్ బౌమ్‌గార్టెన్ రూపకల్పన చేసిన భవనంలోకి 1969లో సమాఖ్య రాజ్యాంగ న్యాయస్థానం వచ్చి చేరింది. రాజు చూపు కోసం గీసిన ఊళ్లో, ఆ బురుజు నీడకు అంత దగ్గరగా, ప్రభుత్వాలు చేసిన చట్టాలను సైతం కొట్టివేయగల న్యాయమూర్తులు గాజు గోడల వెనుక, దారిన పోయేవారికి కనబడేలా కూర్చుంటున్నారు.