కన్నానికి ఓనర్ ఎవరు?

వెనకటికి కన్నం వేయడానికి కూడా ఒక శాస్త్రం ఉండేదట. గోడను తట్టి చూసి, మనిషి పట్టేంత మేరకే తవ్వి, చడీచప్పుడు లేకుండా పని ముగించుకునేవాడు దొంగ. ఆ విద్య అంతరించిపోయిందని దిగులుపడేవాళ్లు ఒకసారి బెంగళూరు వచ్చి మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ చూడాలి. కరెంటు తీగలు పరిచే ఇనుప పళ్లెం లాంటి కేబుల్ ట్రే వెడల్పు 300 మిల్లీమీటర్లు. దానికోసం గోడకు కొట్టిన కన్నంలోంచి సెక్యూరిటీ గార్డు కుర్చీతో సహా అవతలికి వెళ్లిపోవచ్చు. దొంగ ఇంత పెద్దది కొట్టడు. అతనికి కొలతలు తెలుసు.

ఇదంతా ఎలక్ట్రిక్ కార్ల పుణ్యం. వైట్‌ఫీల్డ్ వైపు ఇప్పుడు చాలా అపార్ట్‌మెంట్లలో ఇదే ముచ్చట. మా బ్లాకులో ఎనిమిది మంది కొన్నారు, ఎనిమిది మందికీ చార్జర్లు కావాలన్నారు. ప్యానెల్ రూమ్ నుంచి పార్కింగ్‌లోకి ఒక ట్రే వేశారు. అదే ఊపులో టెర్రస్ మీది సోలార్‌కని ఎలక్ట్రికల్ డక్ట్‌లో (అంటే అంతస్తులన్నిటినీ దాటుకుంటూ తీగలు పైకెక్కే నిలువు గూడులో) ఇంకో ట్రే, కింద నుంచి తొమ్మిదో అంతస్తు దాకా. వారంలో పనయిపోయింది. కార్లు చార్జ్ అవుతున్నాయి. కన్నాలు మిగిలిపోయాయి. గోడకొకటి, ప్రతి శ్లాబుకూ ఒకటి.

వీటిని పూడ్చేదెవరు?

ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌ది చిత్తూరు. "మాది ట్రే, కేబులు, ఎర్తింగు సార్. కన్నం సివిలోళ్లది" అన్నాడు. సివిల్ ఆయనది నరసరావుపేట. "కొట్టమన్నారు, కొట్టామండీ. పూడ్చడం మా స్కోపులో లేదు. అయినా కరెంటు తీగల మధ్య మా కుర్రాళ్లు చెయ్యి పెట్టరండీ." ఫైర్ సిస్టమ్ చూసేవాళ్లు తమది పైపులూ సిలిండర్లూ మాత్రమేనని ముందే చెప్పేశారు. ట్రేకి బిల్లుంది, కేబులుకి బిల్లుంది, కొట్టిన కూలికీ బిల్లుంది. కన్నం మాత్రం ఏ కొటేషన్‌లోనూ లేదు. కళ్లెదుటే ఉంటుంది, కాగితం మీద ఉండదు. మూడో అంతస్తు శాస్త్రిగారు ఒకటికి రెండుసార్లు వంగి చూసి, నేతి నేతి అన్నది బహుశా దీని గురించేనేమో అన్నారు.

నేషనల్ బిల్డింగ్ కోడ్‌కు ఇంత వేదాంతం తెలియదు. కేబుళ్లకూ గోడకూ శ్లాబుకూ మధ్య మిగిలిన ఖాళీని కనీసం 120 నిమిషాలు మంటకు ఆగే పదార్థంతో నింపాలంటుంది 2016 నాటి కోడ్. 120 నిమిషాలంటే మా అసోసియేషన్ మీటింగులో మొదటి అంశానికి పట్టే సమయం. ఆలోపు జనం మెట్లు దిగి బయటపడాలని వాళ్ల ఉద్దేశం కాబోలు. పోనీ దొరకని సరుకా అంటే, కాదు. రాక్‌వూల్ ఉంది, ఫైర్ మోర్టార్ ఉంది. వేడి తగిలితే పూరీలా పొంగే సీలెంట్ కూడా ఉంది. కేబుల్ మీది ప్లాస్టిక్ కరిగి కుంచించుకుపోతే ఖాళీ పడుతుంది కదా, ఇది ఉబ్బి దాన్ని మూసేస్తుంది. పైగా ట్రే చుట్టూ పూస్తే సరిపోదట, కేబుల్‌కీ కేబుల్‌కీ మధ్య సందులు కూడా నిండాలట. ఇంత చాదస్తం ఎవరికుంటుంది?

మా వాళ్లు స్వదేశీ పద్ధతిలో వెళ్లారు. ఒకటో అంతస్తు కన్నంలో గోనెసంచి. రెండో అంతస్తులో ఎవరిదో కొత్త టీవీతో వచ్చిన థర్మకోల్. మూడో అంతస్తులో చుట్టి కుక్కిన దినపత్రిక, పైకి కనిపించే పేజీలో దేవనహళ్లి ప్లాట్ల ప్రకటన. నాలుగో అంతస్తుకు వచ్చేసరికి సెక్రటరీగారు స్వయంగా శ్రద్ధ తీసుకుని, తలుపుల చౌకట్ల సందుల్లో కొట్టే మామూలు స్ప్రే ఫోమ్ తెప్పించారు. పసుపుపచ్చగా, నిండుగా, కన్నం పెళ్లికి తయారైనట్టు ఉంది. నిప్పు తగిలితే అంటుకుంటుంది, అదొక్కటే లోపం.

ఆ ఫోమ్ చరిత్ర గొప్పది. 1975 మార్చి 22న అమెరికాలోని అలబామాలో, బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రంలో, గోడలోంచి కేబుళ్లు పోయే కన్నాన్ని పాలీయురెథేన్ ఫోమ్‌తో మూశారు. గాలి ఎక్కడైనా లీకవుతోందేమో చూద్దామని కొవ్వొత్తి వెలిగించి దగ్గర పెట్టారు. లీకవుతోంది. ఆ గాలి మంటను ఫోమ్‌లోకి లాగేసుకుంది. దాదాపు ఏడు గంటలు కాలి, 1,600కు పైగా కేబుళ్లు పాడయ్యాయి. అణు కేంద్రంలోనే కొవ్వొత్తి పట్టుకున్నాక మా సెక్రటరీగారిని ఏమంటాం?

మా డక్ట్‌లో లీకు పరీక్షకు కొవ్వొత్తి కూడా అక్కర్లేదు. ఆదివారం ఒకటో అంతస్తులో చేపల పులుసు మరిగితే తొమ్మిదో అంతస్తులో డక్ట్ తలుపు తీసినవాడికి నోరూరుతుంది. (అన్నట్టు ఆ డక్ట్‌లోనే చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు, పాత పేపర్ల కట్టలు కూడా ఉంటాయి. చోటు వృథా చేయకూడదు కదా.) పులుసు వాసన ఎక్కిన దారినే పొగ కూడా ఎక్కుతుంది. పి.వి.సి. కేబుల్ కాలితే వచ్చేది నల్లటి పొగ, అందులో హైడ్రోజన్ క్లోరైడ్. మంట కింద ఉండగానే పైవాళ్లకు ఊపిరాడదు. ఇదే ఊళ్లో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు కార్ల్‌టన్ టవర్స్‌లో 2010 ఫిబ్రవరి 23న ఎలక్ట్రికల్ డక్ట్‌లో మొదలైన మంటల పొగ పై అంతస్తులకు పాకింది. తట్టుకోలేక కొందరు కిటికీల్లోంచి దూకారు. తొమ్మిది మంది పోయారు. నేను రోజూ ఆఫీసుకి ఆ రోడ్డు మీదుగానే వెళ్తాను.

అందుకే పోయిన మీటింగులో ఒక ప్రతిపాదన పెట్టాను. కన్నం కూడా ఆస్తే కనుక ఒక్కోదానికి ఫ్లాట్ నంబర్ ఇచ్చి, ఈ-ఖాతా (బెంగళూరులో ఆస్తికి ఇచ్చే ఆన్‌లైన్ రికార్డు) తీయించి, చదరపు అడుగు లెక్కన మెయింటెనెన్స్ కట్టించుకుందాం. ఎలుకలూ బొద్దింకలూ ఎలాగూ అద్దెకు దిగిపోయాయి. ఓనర్ అంటూ ఒకడుంటే పూడ్చమని నోటీసైనా ఇవ్వొచ్చు. అందరూ నవ్వారు. ట్రెజరర్ మాత్రం నవ్వలేదు, చదరపు అడుగులు ఎన్ని వస్తాయని అడిగాడు.

మొన్న ఫైర్ ఆడిట్‌కి మనుషులొస్తున్నారని తెలిసింది. తెల్లారేసరికి ప్యానెల్ రూమ్ గోడకు, ట్రే కింద మిగిలిన ఖాళీకి కొలత తీసినట్టు, వేంకటేశ్వరస్వామి క్యాలెండర్ వేలాడుతోంది. పైన రెండు మందార పూలు. వచ్చినాయన చెప్పులు విడిచి, దండం పెట్టుకుని, రిజిస్టర్‌లో సంతకం చేసి వెళ్లాడు.

కన్నానికి ఓనర్ దొరికాడు. డిసెంబర్ 31 దాకా అది ఆయన స్కోపే.